ఐసీయూలో మట్టిగాజులు

మా ఆసుపత్రి ఐసీయూలో కళ్లు తెరవలేని వాళ్లకు కూడా ఈరమ్మ డ్యూటీకి వచ్చిందని తెలిసేది. ఆమె రెండు చేతులకూ నిండుగా మట్టిగాజులు ఉండేవి, ఎర్రవీ ఆకుపచ్చవీ కలిపి. దుప్పటి దులిపినా, బకెట్ కింద పెట్టినా, ఎవరి వీపు తుడిచినా అవి గలగలమనేవి. మిషన్ల కూతల మధ్య ఆ చప్పుడు వింటే ఇంట్లో ఉన్నట్టు అనిపించేదని, బతికి బయటపడ్డ ఒక పెద్దాయన నాతో అన్నాడు.

ఈరమ్మ అక్కడ ఆయా. నేను అదే ఆసుపత్రి ల్యాబులో టెక్నీషియన్ని, పేరు సంధ్యారాణి. ఎల్బీనగర్ చౌరస్తా చుట్టుపక్కల ఉన్న ప్రైవేటు ఆసుపత్రుల్లో మాదొకటి. దాని పేరు చెప్పను. చెబితే నాకు నష్టం, చెప్పకపోతే మీకేమీ నష్టం లేదు. రోగుల రక్తాన్ని సీసాల్లో పెట్టి, అందులో ఏ క్రిమి పెరుగుతుందో చూసి డాక్టర్లకు చెప్పడం నా పని. ఐసీయూ రోగులకు రక్తం తీయడానికి నేనే పైకి వెళ్తాను. వాచిపోయిన చేతిలో నరం దొరకడం గగనం. ఎవరో ఒకరు ఆ చెయ్యి కదలకుండా పట్టుకోవాలి. నర్సుల్ని పిలిస్తే "ఒక్క నిమిషం మేడం" అంటారు, ఆ నిమిషం ఎప్పటికీ రాదు. ఈరమ్మ మాత్రం పిలవకముందే వచ్చి నిలబడేది.

ఆమెది నల్గొండ జిల్లాలో దేవరకొండ అవతల ఒక పల్లె. బోర్లు ఎండిపోయాక భర్త జానయ్యతో, అత్త తిరుపతమ్మతో కలిసి మీర్‌పేట్ వచ్చి రెండు గదులు కిరాయికి తీసుకుంది. నీళ్లు లేక ఊరు విడిచిన జానయ్య ఇక్కడ నీళ్ల ట్యాంకర్ నడుపుతున్నాడు. ఈ సంగతి చెప్పి ఈరమ్మ తనే నవ్వేది. మొదట్లో ఇళ్లలో అంట్లు తోమింది, తర్వాత మా దగ్గర ఊడ్చే పనిలో చేరింది, ఆ తర్వాత ఆయా అయింది. స్పృహ లేని మనిషిని కూడా అడగకుండా ముట్టుకునేది కాదు. "పెద్దయ్యా, జర ఇటు మళ్లుతవా? నీ ఈపు తుడుస్త," అని చెప్పి, జవాబు వస్తుందేమో అన్నట్టు కాసేపు ఆగి, అప్పుడు తిప్పేది. నాకు మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత అలవాటైపోయి, నేనూ సూది గుచ్చే ముందు రోగికి చెప్పడం మొదలుపెట్టాను.

గాజుల పట్టుదల మాత్రం అత్త తిరుపతమ్మ నుంచి వచ్చింది. తిరుపతమ్మకు చిన్న వయసులోనే భర్త పోయాడు. ఒకసారి పొలంలో నాటు వేస్తుంటే చేతికి తేలు కుట్టి మోచెయ్యి దాకా వాచిందట. గాజులు కండలోకి దిగబడుతుంటే పక్కనున్న ఆడవాళ్లు చిట్లగొట్టి తీసేశారు. వాపు తగ్గాక వేసుకుందాంలే అనుకుంది. ఆ వారంలోనే భర్త మట్టయ్య బావి దగ్గర మోటరు షాక్ కొట్టి చనిపోయాడు. ఆ రెండిటికీ ఏం సంబంధం అని మీరూ నేనూ అడుగుతాం. ఆమెకు ఆ సంబంధం కళ్లకు కట్టినట్టు కనిపించింది. కోడలు ఇంట్లో అడుగుపెట్టిన రోజునే తన చేతులతో గాజులు తొడిగి చెప్పింది: "నా కొడుకు ఉన్నన్ని రోజులు నీ చేతులు బోసిగ ఉండొద్దు. ఒక్క గడియ గూడ ఉండొద్దు." అందుకే దిల్‌సుఖ్‌నగర్‌లో కొత్త గాజులు వేయించుకునేటప్పుడు కూడా ఈరమ్మ చేతికి ఒక పాత గాజు అలాగే ఉంచి, కొత్తవి దానికి జత చేయించుకునేది. మా వైపు ఆడవాళ్లలో ఇది వింతేమీ కాదు, మా అమ్మా అంతే. కాకపోతే ఈరమ్మ పట్టు మా అమ్మను మించిపోయింది.

ఇక అసలు సంగతి. ఆ ఏడాది వానాకాలంలో మా ఐసీయూలోకి ఒక ఈస్ట్ దిగింది.

ఈస్ట్ అంటే బేకరీలో పిండి పొంగించేది అని అందరికీ తెలుసు. దాని చుట్టాలు చాలా ఉన్నాయి. వాటిలో కాండిడా అనే జాతి మన నోట్లో, పేగుల్లో, చర్మం మీద ఊరికే పడి ఉంటుంది. ఒంట్లో సత్తువ ఉన్నన్నాళ్లు దాని జోలి మనకుండదు, మన జోలి దానికుండదు. మనిషి పడకేశాడంటే మాత్రం సందు చూసుకుంటుంది. ఐసీయూలో రోగికి యాంటీబయాటిక్కుల మీద యాంటీబయాటిక్కులు ఎక్కిస్తాం. చెడ్డ బ్యాక్టీరియాతో పాటు ఒంటిని కాసే మంచి బ్యాక్టీరియా కూడా చస్తుంది. ఆ పైన మెడ దగ్గర పెద్ద నరంలోకి ఒక గొట్టం, మూత్రానికి ఒకటి, ఊపిరికి ఒకటి. కాపలావాళ్లను పంపించేసి, తలుపులన్నీ బార్లా తెరిచి పెట్టినట్టే అవుతుంది. అవి లేకపోతే రోగి బతకడు కాబట్టి తెరవకా తప్పదు.

మాకు దిగింది వాటిలోనూ మొండి రకం, కాండిడా ఆరిస్. మంచం కడ్డీల మీద, బీపీ పట్టీల మీద వారాల తరబడి బతుకుతుంది. మామూలు ఫినాయిల్‌కు చావదు. ఈస్ట్‌కు అందరూ వాడే మందుకు లొంగదు. అన్నిటికీ మించి చేతుల మీద ఎక్కి ఒక మంచం నుంచి ఇంకో మంచానికి పోతుంది. మొదట వనస్థలిపురం నుంచి వచ్చిన ఒక రిటైర్డ్ హెడ్మాస్టరుకు పట్టింది. ఆయన పక్షవాతంతో చేరాడు, కోలుకుంటున్నాడు, ఉన్నట్టుండి జ్వరం మొదలైంది. ఎన్ని మందులు మార్చినా తగ్గలేదు. ఆయన రక్తం సీసాలోంచి ఒక చుక్క తీసి మైక్రోస్కోపు కింద చూశాను. చిన్న గుడ్డుకు ఇంకో బుల్లి గుడ్డు అతుక్కున్నట్టు ఈస్ట్ కణాలు కనిపించాయి. క్రిమి ఏదో పోల్చి చెప్పే మా మిషన్ వాటికి ఇంకేదో పేరు చెప్పింది. అనుమానం వచ్చి పెద్ద ల్యాబుకు పంపాం. అసలు పేరు తిరిగొచ్చేసరికి హెడ్మాస్టరు పోయాడు. ఆయనకు రోజూ ఒళ్లు తుడిచింది ఈరమ్మే. మంచం ఖాళీ చేస్తూ ఏడ్చింది. మా మేనేజరు మాత్రం ల్యాబుకు వచ్చి, ఈ పేరు బయట ఎక్కడా ఎత్తొద్దు అన్నాడు. మనం పేరు ఎత్తకపోతే ఆ క్రిమి అలిగి వెళ్లిపోతుందనుకున్నాడో ఏమో.

ఆసుపత్రిలో ఇన్ఫెక్షన్లు పాకకుండా చూసే బాధ్యత సూర్యప్రభ సిస్టర్‌ది. కాకినాడ నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడ్డ కుటుంబం. మాట మెత్తన, పని గట్టి. ఐసీయూ తలుపు దగ్గర నిలబడి కొత్త రూలు పెట్టింది: మోచేతి కింద ఏమీ ఉండకూడదు. వాచీలు, ఉంగరాలు, గాజులు, తాళ్లు, అన్నీ తీసేయాలి. వాటి సందుల్లోకి సబ్బు పోదు, మందు పోదు, ఈస్ట్ మాత్రం హాయిగా పోతుంది. కుర్ర నర్సులు మారు మాట్లాడకుండా తీసేశారు. ఈరమ్మ తియ్యనంది.

"రూలు అందరికీ ఒకటేనమ్మా ఈరమ్మా. నా గాజులు నేనూ తీసేశాను, చూడు," అంది సూర్యప్రభ.

"మీయి బంగారియి మేడం. తీసి డబ్బల పెట్టుకుంటరు, ఇంటికి పొయ్యేటప్పుడు ఏసుకుంటరు. ఇవి మట్టియి. మా దాంట్ల ఇవి తీసుడంటే లెక్క వేరే ఉంటది."

"మీ ఆయన నిక్షేపంగా ఉన్నాడు కదా. డ్యూటీలో ఉన్నంతసేపు తీస్తే ఏమవుతుంది?"

"ఏం కాదని మీరంటరు. అయినంక నేను ఎవల్ని అడగాలె?"

సూర్యప్రభ డ్యూటీ చార్టు తీసింది. ఈరమ్మను ఐసీయూ నుంచి తప్పించి కింద ఓపీకి పంపింది. మా పెద్ద సర్జన్‌గారి మణికట్టుకు యాత్రల్లో కట్టించుకున్న ఎర్రదారాలు గుత్తిగా ఉంటాయి, ఎప్పటివో నల్లబడిపోయాయి. సూర్యప్రభ ఆయన్నీ అడిగింది. "అది దేవుడి దారం సిస్టర్," అని ఆయన లోపలికి నడిచి వెళ్లిపోయాడు. ఆయన్ను ఓపీకి పంపే ధైర్యం ఎవరికుంది? నాకైతే ఒళ్లు మండింది.

ఈరమ్మ కిందికి పోగానే పైన పనులు అటకెక్కాయి. రోగుల్ని పక్కకు తిప్పేవాళ్లు చాల్లేదు, ఒకరిద్దరికి వీపు మీద పుండ్లు మొదలయ్యాయి. అప్పుడు ఈరమ్మే ఒక ఉపాయం చెప్పింది. గాజులన్నీ మోచేతి వైపు తోసుకుని, అవి కదలకుండా, బయటికి కనిపించకుండా మీద వెడల్పాటి ప్లాస్టర్ చుట్టేసుకుంటానంది. ప్లాస్టర్ దాటాక వేళ్ల దాకా అంతా కడుక్కుంటానంది. సూర్యప్రభ ముఖం చిట్లించింది కానీ మంచాల వైపు చూసి సరేనంది. గాజుల మీద ప్లాస్టర్ వేస్తే లోపలిది లోపలే ఉంటుంది కదా అని అందరూ అనుకున్నారు. పొద్దున వేసిన ప్లాస్టర్ సాయంత్రం దాకా, ఒక్కోసారి మర్నాటి దాకా అలాగే ఉండేది. ఐసీయూలోకి చప్పుడు లేని ఈరమ్మ వచ్చింది.

ఇలా నడుస్తుండగా జానయ్యకు కడుపునొప్పి వచ్చింది. మీర్‌పేట్‌లో ఒక ఇంటి సంపులోకి ట్యాంకర్ పైపు వేసి నిలబడ్డవాడు కడుపు పట్టుకుని అక్కడే కూలిపోయాడు. పిత్తాశయంలో రాయి జారి అడ్డం పడి, క్లోమం వాచిపోయింది. ఈరమ్మ పనిచేసేది మా దగ్గరే కాబట్టి ఇక్కడికే తెచ్చారు. వచ్చినరోజు మాట్లాడుతూనే ఉన్నాడు, పైపు ఎవరు తీశారని అడిగాడు. ఆ తర్వాత ఊపిరి ఆడక మిషన్ మీద పెట్టారు, మత్తుమందు ఇచ్చారు. తిండి నోటి ద్వారా కాక, మెడలోని గొట్టం ద్వారా రక్తంలోకే ఎక్కించారు. ఈస్ట్‌కు అంతకంటే ఇష్టమైన ఏర్పాటు లేదు, నాకా సంగతి తెలుసు కాబట్టి ఆ మంచం దగ్గరికి వెళ్లినప్పుడల్లా గుబులుగా ఉండేది.

సొంతవాళ్ల మంచం దగ్గర ఆయాను పెట్టకూడదని ఒక మాట ఉంది. ఈరమ్మ విషయంలో ఎవరూ దాన్ని పట్టించుకోలేదు, చెప్పినా ఆమె వినేది కాదు. డ్యూటీ అయ్యాక కూడా అక్కడే ఉండేది. ఒళ్లు తుడిచేది, పెదవులు తడిపేది, "ఏమయ్యా, జర మళ్లు," అని భర్తకూ చెప్పి మరీ తిప్పేది. కింద హాల్లో మందుల కౌంటరు పక్క కుర్చీలో తిరుపతమ్మ కూర్చుని ఉండేది. కోడలు దిగి రాగానే కొడుకు సంగతి అడగడానికి ముందు ఆమె ముంజేయి పట్టుకుని, ప్లాస్టర్ మీద వేళ్లతో తడిమి, లోపల గాజులు ఉన్నాయని చూసుకుని, అప్పుడు ఊపిరి తీసుకునేది.

జానయ్య కొంచెం తేరుకుంటున్నాడని డాక్టర్ భావన చెప్పిన తర్వాత జ్వరం వచ్చింది. ఐసీయూ బాధ్యత భావనది. మందు మార్చింది, తగ్గలేదు. మళ్లీ మార్చింది. నన్ను పిలిచి రక్తం తీయించింది. చెయ్యి పట్టుకున్నది ఈరమ్మే. ఆ సీసాలో ఏదో పెరుగుతోందని మిషన్ మోగిన రోజు నేను చుక్క తీసి అద్దం మీద పూసి చూశాను. గుడ్డుకు అతుక్కున్న గుడ్డు. సీసా మీద పేరు మళ్లీ చదివాను.  తర్వాత భావనకు ఫోన్ చేశాను.

ఆమె వెంటనే మెడలోని గొట్టం తీయించింది. గొట్టం లోపలి గోడకు ఈస్ట్ పట్టిందంటే దాని మీద ఎంత మందు పోసినా దండగ. ఆ మొండి రకానికి పనిచేసే ఇంజెక్షన్ మొదలుపెట్టింది. ఇక ఒంట్లో ఏమైనా సత్తువ ఉంటే అది పోరాడాలి. అదే సమయంలో సూర్యప్రభా నేనూ కలిసి ఐసీయూ అంతా దూదిపుల్లలతో నమూనాలు తీశాం. మంచం కడ్డీలు, సెలైన్ స్టాండ్లు, బీపీ పట్టీలు, కీబోర్డులు, అందరి చేతులు. సర్జన్‌గారు దారాలు ముట్టుకోనివ్వలేదు. ఈరమ్మ తనే చెయ్యి చాచి, ప్లాస్టర్ అంచు ఎత్తి, "గీడ గూడ తీయి," అంది.

మూడు చోట్ల ఆ ఈస్ట్ పెరిగింది. జానయ్య మంచం కడ్డీ మీద. అందరికీ తిప్పి తిప్పి వాడే ఒక బీపీ పట్టీ మీద. ఈరమ్మ ఎడమ చేతి ప్లాస్టర్ కింద. చెమట పట్టి, గాలి ఆడక, గాజుల మధ్య ఎప్పుడూ తడిగా ఉండే చోటు అది. మూసి పెట్టామనుకున్నది నిజానికి దానికి ఇల్లు కట్టిపెట్టడమే అయింది.

మేనేజరు ముఖం వెలిగిపోయింది. "అయితే ఆయా వల్లే వచ్చిందన్నమాట," అన్నాడు.

"బీపీ పట్టీ కూడా గాజులు వేసుకుంటదా సార్?" అన్నాను. గొంతు పెద్దదే అయింది, పక్క గదిలోకి వినిపించింది. అనవలసింది ఇంకా ఉంది కానీ సూర్యప్రభ నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది.

ఈరమ్మకు నేనే చెబుతానన్నాను. ల్యాబు బయట మెట్ల మీద కూర్చోబెట్టి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. 

"నా చేతులకెల్లే పోయిందా సంద్యమ్మా?"

"చెప్పలేం ఈరమ్మా. పట్టీ మీద ఉన్నది, కడ్డీ మీద ఉన్నది. నీ చేతికెల్లి వాటికి పోయిందో, వాటికెల్లి నీ చేతికి వచ్చిందో ఏ మిషన్ చెప్పదు. కానీ ఇప్పుడైతే నీ చేతి మీద ఉన్నది."

"మరి గా హెడ్మాస్టరు సారుకు?"

"అది గూడ ఎవలకు తెల్వది."

ఆమె ప్లాస్టర్ చివర పట్టుకుని మెల్లగా ఊడదీసింది. చర్మం నానిపోయి తెల్లగా ఉంది, గాజులు ఒత్తుకున్న చోట ఎర్రటి చారలు. దాన్ని చూస్తూ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"గాజులు తీసి, మందుతో కడిగి, మళ్లీ పరీక్ష చేస్తే గానీ లోపలికి రానివ్వనని సిస్టర్ అంటున్నది," అన్నాను.

"ఆమె రానియ్యక పోవుడు గాదు. నేనే ఎట్ల పోత? గీ చేతులతోని ఆయన్ని ఎట్ల ముట్టుకుంట?" అని లేచింది. "అత్తతోని చెప్పాలె. నువ్వు గూడ రా, నువ్వు చెప్తె జర ఇంటది."

ఇద్దరం హాల్లోకి వెళ్లాం. తిరుపతమ్మ ఎప్పటిలాగే కోడలి చెయ్యి అందుకుంది. ప్లాస్టర్ లేకపోయేసరికి గాజులు కనబడి ఆమె ముఖంలోకి కళ వచ్చింది. నేను పక్కన కూర్చుని చెప్పడం మొదలుపెట్టాను.

"పెద్దమ్మా, ట్యాంకర్ల పాచి పడ్తది చూడు, గట్ల నీ కొడుకు మెడల గొట్టానికి ఒక క్రిమి పట్టింది. గొట్టం తీసేసిన్రు, మందు ఇస్తున్నరు. మళ్ల పట్టకుండ ఉండాలంటే ఆయన్ని ముట్టుకునే చేతులు సాఫ్‌గ ఉండాలె. ఆ క్రిమి ఈరమ్మ గాజుల సందుల గూడ ఉన్నది."

"సబ్బు పెట్టి కడుక్కోమను. కడుక్కుంటే పోదా?"

"గాజుల కిందికి సబ్బు పోదు పెద్దమ్మా."

ఈరమ్మ ఆమె ముందు నేల మీద కూర్చుంది. రెండు చేతులూ చాచింది.

"అత్తమ్మా, ఏసింది నువ్వే. నువ్వే తియ్యి."

తిరుపతమ్మ చేతులు వెనక్కి లాక్కుంది. "నాయి తీసిన నాడు ఏమైందో నీకు ఎర్క లేదా? ఆడు గీడ మిషన్ మీద ఉన్నడు, నువ్వు గిప్పుడే తీస్తనంటవా? నా కొడుకును సంపుతవా ఏందే?"

మందుల కౌంటరు దగ్గరున్న వాళ్లందరూ తిరిగి చూశారు. ఈరమ్మ చేతులు అలాగే చాచి ఉంచింది.

"తియ్యకుంటే సంపుతనేమో అత్తమ్మా," అంది.

 ముసలామె గోడ వైపు తిరిగి, కొంగు ముఖం మీదికి లాక్కుంది. ఆ భుజం మీద చెయ్యి వేయబోయి ఈరమ్మ ఆగిపోయింది. ఆ చేతిని ఒకసారి చూసుకుని, లేచి మెట్లెక్కింది.

ఐసీయూ బయట చేతులు కడిగే తొట్టి దగ్గర సూర్యప్రభ సబ్బు నీళ్లు సిద్ధంగా పెట్టింది. పగలగొడితే త్వరగా అయిపోతుంది. ఈరమ్మ ఒప్పుకోలేదు. పగలగొట్టడం ఎప్పుడు చేస్తారో అందరికీ తెలుసు. చేతికి నురగ పట్టించి, బొటనవేలును అరచేతిలోకి మడిచి, ఒక్కో గాజునూ తిప్పుతూ తిప్పుతూ లాగింది. చాలా ఏళ్లుగా గాజులున్న చేతులు, ఎముకలు లావెక్కాయి. చర్మం గీసుకుపోయి రక్తం చిమ్మింది. కుడి చేతికి చివరి గాజు మిగిలినప్పుడు ఆగిపోయింది. కొళాయి పోతూనే ఉంది. నేను కట్టేయలేదు, సూర్యప్రభా కట్టేయలేదు. ఈరమ్మ పెదవులు కదిలాయి, ఏ దేవుణ్ని తలుచుకుందో, లేక లోపల పడుకున్న మనిషికే చెప్పిందో నాకు తెలియదు. ఎవరినైనా తిప్పే ముందు ఆగినట్టే ఆగింది. తర్వాత అదీ లాగేసింది.

"మెడలో పుస్తెలున్నాయి కదమ్మా, బాధపడకు," అంది సూర్యప్రభ. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి. ఈరమ్మ గాజుల్ని మందు నీళ్ల బకెట్‌లో వేసి, తన చేతుల్ని ఎవరివో అన్నట్టు చూసుకుంది.

కడిగి, మందు రాసి, మళ్లీ నమూనా తీశాం. దాంట్లో ఏమీ పెరగలేదని నేను చెప్పేదాకా ఆమె జానయ్య మంచం దగ్గరికి పోలేదు. అద్దాల తలుపు బయట నిలబడి చూసింది. తిరుపతమ్మ కోడలితో మాట మానేసింది. ఈరమ్మ తెచ్చిన టిఫిన్ డబ్బా ముట్టుకోలేదు, ఆమె దిగి వస్తుంటే కళ్లు దించుకునేది. ఆ బోసి చేతులు చూడటం ఆమె వల్ల కాలేదు. కొడుకు ఏ గడియలో పోతాడో అని లిఫ్టు తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఉలిక్కిపడేది. ఈరమ్మకు మాత్రం భయం లేదా అంటే ఉంది. ఒకసారి నాతో అంది: "ఆయనకేమన్న అయితే, క్రిమి సంపిందని మీరంటరు, నేను సంపిన్నని మా అత్త అంటది. నేను ఏమనుకోవాలె సంద్యమ్మా?" 

తర్వాత తీసిన రక్తంలో కూడా ఈస్ట్ పెరిగింది. ఆ రిపోర్టు నేనే పైకి తీసుకెళ్లి ఇచ్చాను. జ్వరం ఒక పూట దిగేది, ఇంకో పూట ఎక్కేది. భావన ఇంజెక్షన్ ఆపలేదు. సూర్యప్రభ ప్రతి మంచానికీ వేరే బీపీ పట్టీ తెప్పించింది, కడ్డీలన్నీ బ్లీచింగ్ నీళ్లతో తుడిపించింది. ఈరమ్మ మోచేతుల దాకా కడుక్కుని, చేతుల్లేని ప్లాస్టిక్ ఏప్రాన్ కట్టుకుని, గ్లౌజులు వేసుకుని పని చేసింది. భర్త మంచం దగ్గరా అంతే, పక్క మంచాల దగ్గరా అంతే. ఆ మీదట తీసిన రక్తం సీసా మాత్రం మోగలేదు. రోజుల తరబడి చూశాను, మోగలేదు. జ్వరం దిగింది, మళ్లీ రాలేదు. మత్తుమందు తగ్గించారు.

ఊపిరి గొట్టం తీసేసిన రోజు పొద్దున నేను ఇంకోసారి రక్తం తీయడానికి వెళ్లాను. కొడుకును చూపించడానికి సూర్యప్రభ తిరుపతమ్మకు మాస్కు పెట్టి, గౌను తొడిగి లోపలికి తీసుకొచ్చింది. ముసలామె మంచం కాళ్ల వైపు నిలబడింది, కోడలి వైపు చూడలేదు. ఈరమ్మ ఎప్పటిలాగే నాకు ఎదురుగా వచ్చి, "ఏమయ్యా, సూది గుచ్చుతది, జర ఓర్చుకో," అని అతని చెయ్యి పట్టుకుంది.

జానయ్య కళ్లు తెరిచాడు. మొదట పైకప్పు చూశాడు, తర్వాత నన్ను చూశాడు, గుర్తుపట్టలేదు. తన చెయ్యి పట్టుకున్న చేతుల్ని చూశాడు. గ్లౌజు అంచు నుంచి మోచెయ్యి దాకా ఏమీ లేదు. మెల్లగా కళ్లెత్తి మాస్కు పైన కనిపిస్తున్న భార్య కళ్లు చూశాడు. మళ్లీ చేతుల్ని చూశాడు. అతని ముఖంలోకి వచ్చిన భయం చూసి నేను సూది పక్కన పెట్టేశాను. పెదవులు కదిలాయి, గొంతు రాలేదు. గుటక వేసి మళ్లీ ప్రయత్నించాడు.

"నేను సచ్చిపోయిన్నా, ఈరమ్మా?"

ఈరమ్మ నోరు తెరిచింది. ఇన్నాళ్లూ బిగపట్టుకున్నదంతా ఒక్కసారి వచ్చేసింది. తల అడ్డంగా ఊపుతూ ఏడ్చింది. తిరుపతమ్మ మంచం చుట్టూ తిరిగి వచ్చి, కోడలి బోసి ముంజేతిని తన రెండు చేతులతో పట్టుకుంది.

"లేదు బిడ్డా," అంది కొడుకుతో. "నువ్వు బతకాల్నని తీసింది."